సూర్యగ్రహణ పరిశీలన, కాలనిర్ణయం

భూమికి, సూర్యునికి నడుమ చంద్రుడు అడ్డువచ్చినపుడు సూర్యబింబం కొంతగా గానీ పూర్తిగా గానీ మరుగుపడటాన్ని సూర్యగ్రహణం అంటారు. ఆ గ్రహణంలోని ముఖ్య ఘట్టాలు ఏయే క్షణాలలో సంభవించాయో ఒక నిర్దిష్టమైన స్థలం నుండి, నమ్మదగిన గడియారంతో కొలిచి నమోదు చేయడమే గ్రహణ కాలనిర్ణయం. ఖగోళశాస్త్రంలోని అతి ప్రాచీనమైన కొలతలలో ఇది ఒకటి. చంద్రుని గమనం, భూభ్రమణ వేగం, సూర్యుని వ్యాసం, పూర్వకాలపు రాజుల తేదీలు - ఇన్ని విషయాలకు గ్రహణ సమయాలు సాక్ష్యంగా ఉపయోగపడ్డాయి. ఆంధ్రదేశంలోని గుంటూరు, మచిలీపట్నం పట్టణాలకు ఈ శాస్త్ర చరిత్రలో చెప్పుకోదగ్గ స్థానం ఉంది.

గ్రహణం ఎందుకు ఏర్పడుతుంది

సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి సుమారు 400 రెట్లు. సూర్యుని దూరం కూడా చంద్రుని దూరానికి దాదాపు 400 రెట్లే. అందువలన ఆకాశంలో ఆ రెండు బింబాలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో, సుమారు అర డిగ్రీ వెడల్పుతో కనిపిస్తాయి. దీనికి ప్రత్యేకమైన కారణం ఏదీ లేదు. ఇది కాకతాళీయం మాత్రమే. చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున భూమికి దూరమవుతున్నాడు కనుక, కోట్ల సంవత్సరాల తరువాత సంపూర్ణ సూర్యగ్రహణాలు ఉండవు.

చంద్రుని కక్ష్యాతలం భూకక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. ఆ రెండూ ఖండించుకొనే బిందువులను పాతాలు అంటారు. మన పంచాంగాలలోని రాహుకేతువులు ఇవే. అమావాస్య నాడు సూర్యచంద్రులు ఈ పాతాల సమీపంలో ఉంటేనే గ్రహణం పడుతుంది. ప్రతి అమావాస్యకూ గ్రహణం రాకపోవడానికి ఇదే కారణం. ఏడాదికి తక్కువలో తక్కువ 2, ఎక్కువలో ఎక్కువ 5 సూర్యగ్రహణాలు భూమి మీద ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. అయితే ఒకే ఊరిలో సంపూర్ణ గ్రహణం మళ్ళీ కనిపించడానికి సగటున 375 ఏళ్ళు పడుతుందని లెక్క. చంద్రుని నీడలో చిక్కని భాగాన్ని ప్రచ్ఛాయ అనీ, పలుచని భాగాన్ని ఉపచ్ఛాయ అనీ అంటారు. ప్రచ్ఛాయ సోకిన సన్నని దారిలో మాత్రమే సంపూర్ణ గ్రహణం, దానికి ఇరువైపులా వేల కిలోమీటర్ల మేర పాక్షిక గ్రహణం కనిపిస్తాయి. చంద్రుడు దూరంగా ఉండి బింబం చిన్నదిగా కనిపించినపుడు సూర్యుని అంచు కంకణంలా మిగిలిపోతుంది. దానిని వలయ గ్రహణం లేదా కంకణ గ్రహణం అంటారు.

ఒక గ్రహణం జరిగిన 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు (నడుమ వచ్చే లీపు సంవత్సరాలను బట్టి 10 లేక 12 రోజులు) దాదాపు అటువంటిదే మరొకటి వస్తుంది. ఇది 223 చాంద్రమాసాల కాలం. దీనిని సారోస్ చక్రం అంటారు. ఆ మిగులు 8 గంటలలో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కనుక తరువాతి గ్రహణం అదే చోట కనిపించదు, చాలా పడమరగా పోతుంది.

స్పర్శ నుండి మోక్షం వరకు

పంచాంగకర్తలు వాడే పదాలు ఆధునిక శాస్త్రపు విభజనకు చక్కగా సరిపోతాయి. చంద్రుని అంచు సూర్యుని అంచును తొలిసారి తాకే క్షణం స్పర్శ. సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యే క్షణం నిమీలనం. మరల తొలి కిరణం వెలువడే క్షణం ఉన్మీలనం. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా విడిచే క్షణం మోక్షం. ఆధునిక శాస్త్రంలో వీటిని వరుసగా ఒకటవ, రెండవ, మూడవ, నాలుగవ స్పర్శలు అంటారు. పాక్షిక గ్రహణంలో మొదటిదీ చివరిదీ మాత్రమే ఉంటాయి.

ఈ నాలుగింటినీ ఒకే కచ్చితత్వంతో కొలవడం సాధ్యం కాదు. మొదటి స్పర్శ అన్నింటికంటే కష్టం. చంద్రుడు తాకిన క్షణాన కంటికి ఏమీ కనపడదు. కొన్ని సెకన్లు గడిచి చిన్న నొక్కు ఏర్పడిన తరువాతే పరిశీలకుడు గుర్తిస్తాడు. కనుక నమోదైన సమయం నిజమైన సమయం కంటే ఆలస్యంగానే ఉంటుంది. నాలుగవ స్పర్శ కొంత నయం. నొక్కు ఎక్కడ ఉన్నదో ముందే తెలుసు కనుక అది మాసిపోయేదాకా చూస్తూ ఉండవచ్చు. రెండవ, మూడవ స్పర్శలలో మాత్రం వెలుగు ఒక్కసారిగా ఆరిపోతుంది లేదా ఒక్కసారిగా మెరుస్తుంది. కాలనిర్ణయానికి అసలైన విలువ ఈ రెండింటిదే.

అయితే ఇక్కడ కూడా ఒక చిక్కు ఉన్నది. చంద్రుని అంచు నున్నని వృత్తం కాదు. అక్కడ కొండలూ లోయలూ ఉన్నాయి. సూర్యుడు మరుగయ్యే ఆఖరి క్షణాలలో ఆ లోయల గుండా వెలుగు చుక్కలు చుక్కలుగా, ముత్యాల పేరులా కనిపిస్తుంది. 1836 మే 15 నాటి వలయ గ్రహణాన్ని స్కాట్లండులో చూసిన ఆంగ్ల ఖగోళజ్ఞుడు ఫ్రాన్సిస్ బెయిలీ వీటిని వివరంగా వర్ణించడం వలన 'బెయిలీ పూసలు' అనే పేరు వచ్చింది. ఆఖరున ఒకే పూస మిగిలినపుడు కనిపించేదే ప్రసిద్ధమైన వజ్రపుటుంగరం. ఆ చివరి పూస ఎప్పుడు ఆరుతుందన్నది ఆ చోట ఉన్న లోయ లోతును బట్టి ఉంటుంది కనుక, వృత్తాన్ని ఊహించి చేసిన లెక్కకూ నిజమైన సమయానికీ కొన్ని సెకన్ల తేడా రావచ్చు. 1963లో అమెరికా నౌకాదళ వేధశాలకు చెందిన వాట్స్ చంద్రుని అంచు పటాలను ప్రచురించాడు. 2007లో ప్రయోగించిన జపాను నౌక కగుయా, 2009లో ప్రయోగించిన అమెరికా నౌక ఎల్‌ఆర్‌వో లేజరు కిరణాలతో చంద్రుని ఎత్తుపల్లాలను కొలిచిన తరువాత ఈ చిక్కు చాలావరకు తీరింది. ఇప్పుడు ఒక్కొక్క పూస ఎప్పుడు ఆరుతుందో ముందుగా లెక్కించవచ్చు.

సెకనుకు అంత విలువ ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. చంద్రుడు తన కక్ష్యలో సెకనుకు సుమారు ఒక కిలోమీటరు కదులుతాడు. కాబట్టి సెకనులో పదో వంతు వరకు సరిగా సమయం కొలిచిన వ్యక్తి, సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరాన ఉన్న చంద్రుని స్థానాన్ని దాదాపు వంద మీటర్ల మేరకు కొలిచినట్లే. సామాన్యమైన దూరదర్శినితో కోణాన్ని నేరుగా కొలిచి ఇంతటి సూక్ష్మత సాధించడం సాధ్యం కాదు.

భారతీయ గణన సంప్రదాయం

చంద్రుడు సూర్యుని కప్పుతాడని, భూచ్ఛాయ చంద్రుని కప్పుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో స్పష్టంగా చెప్పాడు. సూర్యగ్రహణాన్ని లెక్కించడం చంద్రగ్రహణం కంటే కష్టం. చంద్రగ్రహణం చంద్రుడు కనబడే ప్రాంతమంతటా ఒకే సమయాన కనిపిస్తుంది. సూర్యగ్రహణం అలా కాదు. భూమి మీద చూసేవాని స్థానం మారితే చంద్రుడు ఆకాశంలో కొంచెం జరిగి కనిపిస్తాడు. ఈ జరుగుబాటులో క్రాంతివృత్తం వెంబడి ఉన్న భాగాన్ని లంబనం అనీ, దానికి అడ్డంగా ఉన్న భాగాన్ని నతి అనీ మన సిద్ధాంత గ్రంథాలు విడదీసి లెక్కించాయి.

కేరళకు చెందిన పరమేశ్వరుడు దశాబ్దాల పాటు గ్రహణాలను స్వయంగా పరిశీలించి, పాత లెక్కలకూ కంటికి కనిపించేదానికీ తేడా వస్తున్నదని గుర్తించి, 1431లో దృగ్గణితం అనే సవరించిన పద్ధతిని వెలువరించాడు. కంటికి కనిపించేదే ప్రమాణమని, లెక్క దానికి లోబడాలని ఆయన తీసుకున్న నిలువు ఈ శాస్త్రానికి పునాదివంటిది. తెలుగు పంచాంగాలలో నేటికీ సూర్యసిద్ధాంత, దృక్సిద్ధాంత భేదం ఉన్నది. తిథులకు పాత పద్ధతిని పాటిస్తూ గ్రహణాలకు మాత్రం దృగ్గణితాన్నే వాడే పంచాంగకర్తలు ఉన్నారు. తిథి తప్పితే ఎవరికీ కనపడదు, గ్రహణం తప్పితే ఊరంతా చూస్తుంది మరి!

శాసనాలలో కూడా గ్రహణాల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. సూర్యగ్రహణ పుణ్యకాలంలో భూదానం చేసినట్లు చెప్పే శాసనంలోని శకవర్షం, మాసం, వారం ఆకాశంలోని అసలు గ్రహణంతో సరిపోతున్నాయా లేదా అని చూసి, చరిత్రకారులు ఆ తేదీని నిర్ధారిస్తారు. అయితే అటువంటి శాసనాలు గ్రహణం పట్టిన రోజును చెబుతాయే గాని క్షణాన్ని చెప్పవు. కనుక కాలనిర్ణయ శాస్త్రానికి వాటి ఉపయోగం పరిమితం.

బాబిలోను మట్టిపలక - భూభ్రమణం

క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోను నగరంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. అక్కడి లేఖకులు దానిని మట్టిపలకల మీద నమోదు చేశారు. సూర్యోదయమైన 24 డిగ్రీలకు (ఒక డిగ్రీ అంటే 4 నిమిషాలు; అంటే 96 నిమిషాలకు) గ్రహణం నైరుతి దిక్కున మొదలై, మరి 18 డిగ్రీలకు సంపూర్ణమైనదనీ, శుక్రుడు, బుధుడు, నక్షత్రాలు కనిపించాయనీ వ్రాశారు. ఆ పలకలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

భూమి ఎప్పుడూ ఇప్పటి వేగంతోనే తిరిగిందనుకొని లెక్కవేస్తే, ఆ గ్రహణపు నీడ బాబిలోనుకు దాదాపు 49 డిగ్రీలు పడమరగా, స్పెయిను ప్రాంతం మీదుగా పోవాలి. బాబిలోను వారికి సంపూర్ణ గ్రహణం కనపడకూడదు. కానీ కనిపించింది. చంద్రుని గమనంలో అంత తప్పు ఉండే వీలు లేదు కనుక, తేడా భూమిదే. ఆనాటి నుండి నేటి వరకు భూమి అనే గడియారం మూడు గంటలకు పైగా తప్పింది.

దీనికి కారణం సముద్రపు పోటుపాట్లు. అవి భూభ్రమణాన్ని నెమ్మదిగా అరికడుతున్నాయి. పగలూ రాత్రీ కలిసిన రోజు నిడివి శతాబ్దానికి సుమారు 1.8 మిల్లీసెకన్లు పెరుగుతున్నదని ప్రాచీన గ్రహణ రికార్డుల వలన తేలింది. ఇది లెక్కలోకి రానంత చిన్నది అనిపించవచ్చు. కానీ పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళ రోజుతో పోల్చి చూస్తే, మధ్యనున్న పంతొమ్మిదిన్నర శతాబ్దాలలో రోజుకు సగటున 17 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. అటువంటి రోజులు ఏడు లక్షలకు పైగా ఉన్నాయి. రెండింటినీ గుణిస్తే మూడు గంటలు దాటుతుంది. కేవలం పోటుపాట్ల వలననే అయితే రోజు ఇంకా ఎక్కువగా, శతాబ్దానికి సుమారు 2.3 మిల్లీసెకన్లు పెరగాలి. మంచుయుగపు భారం తొలగిన తరువాత భూమి ఆకారంలో వస్తున్న మార్పు మొదలైనవి ఆ పెరుగుదలను కొంత తగ్గిస్తున్నాయి. పేరైనా తెలియని ఆ లేఖకులు గంటలు, నిమిషాలు లెక్కపెట్టి ఉండకపోతే ఈ సంగతి తెలుసుకొనేందుకు మరో మార్గం దాదాపు లేదు. పరమాణు గడియారాలు వచ్చి డెబ్భై ఏళ్ళే అయినది.

ఏకరీతిగా సాగే కాలానికీ, భూభ్రమణాన్ని బట్టి లెక్కించే కాలానికీ గల తేడాను 'డెల్టా-టి' అంటారు. 2020ల తొలి సంవత్సరాలలో ఇది సుమారు 69 సెకన్లు. గతంలోకి వెళ్ళిన కొద్దీ గంటలలోకి పెరుగుతుంది. భవిష్యత్తులో దాని విలువ ఎంత ఉండేదీ కచ్చితంగా చెప్పలేము. అందుచేత వేయి సంవత్సరాల తరువాతి గ్రహణం ఏ రోజున అన్నది చెప్పవచ్చు గాని, నీడ ఏ ఊరి మీద పడేదీ సరిగా చెప్పలేము.

హేలీ పటం

ప్రజలందరినీ కాలనిర్ణయంలో భాగస్వాములను చేసిన మొదటి వ్యక్తి ఎడ్మండ్ హేలీ. 1715 మే 3న (ఆనాటి ఇంగ్లండు కాలమానం ప్రకారం ఏప్రిల్ 22న) ఇంగ్లండు మీదుగా పోనున్న సంపూర్ణ గ్రహణానికి ముందుగానే ఆయన నీడదారి పటాన్ని అచ్చు వేయించి పంచాడు. దేశంలోని వారందరూ లోలక గడియారాలతో సంపూర్ణ గ్రహణం ఎంతసేపు ఉన్నదో కొలిచి పంపవలసిందిగా కోరాడు. హేలీ స్వయంగా లండనులో కొలిచిన నిడివి 3 నిమిషాల 22 సెకన్లు. ఆయన చెప్పిన సమయానికీ నిజంగా జరిగినదానికీ తేడా సుమారు 4 నిమిషాలు మాత్రమే.

నీడదారి అంచుల వద్ద ఉన్నవారు పంపిన కబుర్లు మరీ విలువైనవి. ఒక ఊరిలో సూర్యుడు క్షణకాలం మాయమైనాడు, పక్క ఊరిలో సన్నని చుక్కగా మిగిలాడు అంటే నీడ అంచు ఆ రెండింటి మధ్య పోయినట్లే. 1980లో కొందరు శాస్త్రజ్ఞులు ఆ రికార్డులనే తిరిగి తీసి, 1715 తరువాత సూర్యుని వ్యాసం స్వల్పంగా తగ్గిందని వాదించారు. అదే సంవత్సరం మరికొందరు అటువంటి తగ్గుదలకు ఆధారం లేదని లెక్కలతో చూపారు. ఈ వాదం ఎటు తేలినా, రెండున్నర శతాబ్దాల నాటి సామాన్యుల పరిశీలనలు అందుకు పనికి రావడం గమనించదగ్గది.

1868: గుంటూరు, మచిలీపట్నం

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణపు నీడ ఏడెన్ నుండి దక్కను మీదుగా కోస్తా ఆంధ్రం దాటి, సయాం (నేటి థాయిలాండు) వైపు సాగింది. గుంటూరులో సంపూర్ణ దశ అయిదు నిమిషాలకు మించి ఉన్నది. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియెర్ జాన్సెన్, ఆంగ్ల సైన్యానికి చెందిన మేజర్ టెన్నంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించాడు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి నాయకత్వంలో మరొక బృందం వనపర్తికి వెళ్ళింది. ఆధునిక వేధశాలలో పనిచేసి పేరు పొందిన తొలి భారతీయులలో ఆయన ఒకరు.

గ్రహణ సమయంలో సూర్యుని అంచున కనిపించే ఎర్రని సౌరజ్వాలలు ఏమిటన్నది ఆనాటి ప్రశ్న. జాన్సెన్ వర్ణపటదర్శినిని వాటివైపు తిప్పగా ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే అవి మండుతున్నట్లు వెలిగే వాయువులు. ఆ గీతలు ఎంత తీక్షణంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడు ఆగస్టు 19న గుంటూరులో మామూలు పగటి వెలుగులోనే ఆ సౌరజ్వాలలను చూడగలిగాడు. అప్పటి వరకు శాస్త్రజ్ఞులు సముద్రాలు దాటి వచ్చి నాలుగైదు నిమిషాలలో చూడవలసి వచ్చినదాన్ని ఆయన గుంటూరులో రోజుల తరబడి తీరికగా చూశాడు. ఆ ఏడు అక్టోబరు 20న నార్మన్ లాకయర్ ఇంగ్లండులో స్వతంత్రంగా ఇదే పని సాధించాడు. ఇద్దరి వార్తలూ ఫ్రెంచి శాస్త్ర అకాడమీకి ఒకే రోజున అందాయి. తరువాత ఇద్దరి ముఖాలతో ఒక పతకం వేయించారు.

గుంటూరులో హీలియం కనుగొనబడినదని తెలుగు పుస్తకాలలోనూ పత్రికలలోనూ తరచుగా కనిపించే వాక్యాన్ని కొంచెం సవరించి చదువుకోవాలి. 1868 గ్రహణంలో పసుపు రంగు గీతను చూసినవారు పోగ్సన్‌తో సహా పలువురు ఉన్నారు. అది సోడియం గీత కాదని నిర్ధారించి, భూమి మీద తెలియని మూలకానిదని ప్రతిపాదించినది లాకయర్. జాన్సెన్ కొత్త మూలకాన్ని కనుగొన్నట్లు చెప్పుకోలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుండి హీలియంను వెలికితీసిన తరువాతే సందేహాలు తీరాయి. గుంటూరు ఘనత గ్రహణం కోసం ఎదురుచూడనక్కరలేని పద్ధతికి పుట్టినిల్లు కావడం. అది తక్కువదేమీ కాదు.

ఇదే గ్రహణాన్ని సయాం రాజు మాంగ్‌కుట్ స్వయంగా గణించి, సంపూర్ణ దశ కనిపించే స్థలాన్ని నిర్ణయించి, సముద్రతీరంలోని వాకో అనే చోటికి విదేశీ అతిథులను ఆహ్వానించాడు. లెక్క సరిగానే వచ్చింది. కానీ అక్కడి అడవి ప్రాంతంలో సోకిన మలేరియాతో ఆయన అక్టోబరు 1న మరణించాడు.

ఇరవయ్యవ శతాబ్దం, తరువాత

1973 జూన్ 30న కాంకర్డ్ విమానం ఆఫ్రికా మీదుగా నీడ వెంట పరుగెత్తి, అందులోని శాస్త్రజ్ఞులకు 74 నిమిషాల సంపూర్ణ గ్రహణాన్ని చూపింది. నేల మీద నిలిచిన వానికి ఏడున్నర నిమిషాలకు మించి అది ఎన్నడూ దక్కదు.

1980 ఫిబ్రవరి 16 నాటి గ్రహణం కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, ఒడిషాల మీదుగా సాగింది. హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల సరిగా నీడదారిలో ఉండటం అరుదైన అదృష్టం. అక్కడ సుమారు రెండు నిమిషాల సంపూర్ణ దశలో పరిశీలనలు జరిగాయి. అదే సమయానికి పట్టణాలలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. కంటికి హాని అన్న భయం, మైల అన్న నమ్మకం కలిసి లక్షల మందిని తలుపులు మూసుకొని ఇళ్ళలో ఉంచాయి. పాక్షిక దశలో సూటిగా చూడరాదన్నది నిజమే. కానీ సంపూర్ణ దశలో కరోనాను వట్టి కళ్ళతో చూడవచ్చునన్న మాట వారికి తగినంతగా చేరలేదు. 1999 ఆగస్టు 11న మరొక నీడ విశాఖపట్నానికి కొంచెం ఉత్తరంగా బంగాళాఖాతంలోకి దాటింది గాని, అది వర్షాకాలం, పైగా సూర్యాస్తమయ వేళ. 2009 జూలై 22న సూరత్, భోపాల్, పాట్నాల మీదుగా పోయిన గ్రహణం పసిఫిక్ సముద్రం మీద 6 నిమిషాల 39 సెకన్లు ఉన్నది. 21వ శతాబ్దంలో ఇదే దీర్ఘమైనది.

సమయం కొలిచే విధానం

పూర్వం 'కన్ను-చెవి' పద్ధతి ఉండేది. పరిశీలకుడు కన్ను దూరదర్శిని వద్ద ఉంచి, గడియారపు టిక్కులను చెవితో లెక్కపెట్టేవాడు. తరువాత టెలిగ్రాఫు, ఫోటోగ్రఫీ, రేడియో సంకేతాలు వచ్చాయి. ప్రస్తుతం జీపీఎస్ ఉపగ్రహాల సంకేతంతో వీడియోలోని ప్రతి చిత్రం మీద సమయాన్ని ముద్రిస్తారు. సెకనుకు 25 చిత్రాలు తీసే వీడియోలో ఒక్కొక్క చిత్రం 0.04 సెకను ఉంటుంది. టీవీలో గానీ అంతర్జాలంలో గానీ వచ్చే సమయాన్ని నమ్మరాదు. ప్రసారంలో కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది.

సమయంతో పాటు పరిశీలించిన స్థలపు అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుండి ఎత్తు తప్పక వ్రాయాలి. స్థలం లేని సమయానికి శాస్త్రంలో విలువ లేదు. పంచాంగంలో ఒక పట్టణానికి ఇచ్చిన గ్రహణకాలాన్ని రాష్ట్రమంతటికీ వాడటం కూడా ఈ కారణంగానే సరికాదు. కర్నూలుకూ శ్రీకాకుళానికీ నిమిషాల తేడా వస్తుంది.

నీడదారి అంచుల వద్ద పూసలు ఎక్కువసేపు కనిపిస్తాయి కనుక, సూర్యుని వ్యాసార్ధాన్ని కొలిచేవారు మధ్యరేఖను వదిలి అంచులకు వెళతారు. ఒక శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న 959.63 ఆర్క్‌సెకన్ల విలువ కొంచెం తక్కువనీ, గ్రహణాలలో కనిపించే విలువ 960కి చేరువగా ఉన్నదనీ ఇటువంటి పరిశీలనలు సూచిస్తున్నాయి. 2024 ఏప్రిల్ 8 నాటి ఉత్తర అమెరికా గ్రహణానికి ముందు ఈ పెద్ద విలువతో వేసిన పటంలో నీడదారి కొంత సన్నబడింది. అంచున ఉన్న ఊళ్ళవారికి సంపూర్ణ గ్రహణం దక్కేదీ లేనిదీ ఈ చిన్న భిన్నం మీదనే ఆధారపడింది.

తెలుగు పల్లెలలో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలిని నిలబెట్టి, అది నిలిచినంతసేపూ గ్రహణం ఉన్నట్లు, పడిపోతే విడిచినట్లు లెక్కించే వాడుక ఉన్నది. అడుగు చదునుగా ఉన్న రోకలి, ఓపికగా నిలిపితే ఏ రోజైనా నిలబడుతుంది. కనుక దీనిని కాలసాధనంగా పరిగణించలేము.

కళ్ళ రక్షణ

పాక్షిక, వలయ గ్రహణాలను, సంపూర్ణ గ్రహణంలోని పాక్షిక దశలను ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయే కళ్ళద్దాలతో గానీ, 14వ నంబరు వెల్డింగు అద్దంతో గానీ మాత్రమే చూడాలి. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజుపలకలు, నల్లకళ్ళద్దాలు, పసుపునీళ్ళలోని ప్రతిబింబం సురక్షితం కావు. రెటీనాకు నొప్పి తెలియదు. హాని జరిగిన సంగతి గంటల తరువాత గాని బయటపడదు. దూరదర్శినికి సౌర ఫిల్టరును ముందువైపు అమర్చాలి, కంటివైపు కాదు.

ఏ ఖర్చూ లేని పద్ధతి సూదిరంధ్రం. అట్టకు సన్నని రంధ్రం చేసి మీటరు దూరాన తెల్లకాగితం ఉంచితే సుమారు 9 మిల్లీమీటర్ల సూర్యబింబం పడుతుంది. వేపచెట్టు ఆకుల సందులు కూడా ఇదే పని చేస్తాయి. గ్రహణ సమయంలో చెట్టు నీడలో నేలంతా నెలవంకలు కనిపిస్తాయి.

భారతదేశంలో కనిపించనున్న ముఖ్య గ్రహణాలలో 2031 మే 21 నాటి వలయ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా పోతుంది. తెలుగు ప్రాంతాలలో అది పాక్షికంగా కనిపిస్తుంది. 2034 మార్చి 20 నాటి సంపూర్ణ గ్రహణపు నీడ కాశ్మీరు, లడఖ్ ప్రాంతాలను తాకుతుంది.